స్టేషన్‌లో శిక్షణ మారాలంటే ముందు డ్యూటీ చార్ట్ మారాలి: కొత్తగా చార్జ్ తీసుకున్న ఎస్‌హెచ్‌ఓ కోసం

మీరు ఎస్సైగానో ఇన్‌స్పెక్టర్‌గానో ఒక పోలీస్ స్టేషన్ చార్జ్ తీసుకుని ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ హౌస్ ఆఫీసర్) అయ్యారు, ఈ స్టేషన్‌ని మార్చాలని గట్టిగా అనుకుంటున్నారు. కొత్త చట్టాల మీద క్లాసులు పెడదాం, యోగా పెట్టిద్దాం, ఎవరైనా దాతను అడిగి ప్రొజెక్టర్ తెప్పిద్దాం అనే ఆలోచనలు ముందుగా వస్తాయి. కొంచెం ఆగండి. నేనూ మొదట అదే చేశాను. నైట్ డ్యూటీ దిగినవాళ్లను పొద్దున్నే రోల్ కాల్ అయ్యాక కూర్చోబెట్టి ఒక ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారితో గంటన్నర క్లాసు చెప్పించాను. ముందు వరసలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చేతిలో పెన్ను కదలడం లేదు. క్లాసయ్యాక దగ్గరికి వెళ్లి "ఏం హెడ్డు గారూ, అర్థమైందా?" అని అడిగితే "పడుకుని ముప్పై గంటలైంది సార్" అన్నారు. ఫిర్యాదులా కూడా చెప్పలేదు, టైమ్ అడిగితే చెప్పినట్టు చెప్పారు.

అందుకే ఈ గైడ్ క్లాసులతో మొదలవదు. నిద్ర లేనివాడికి ఏ సెక్షనూ బుర్రకెక్కదు, కాబట్టి శిక్షణ, సంక్షేమం అని రెండు ఫైళ్లు పెట్టుకోకండి, రెండూ ఒకే పని. కింద చెప్పేవాటిలో చాలావరకు ఎస్‌హెచ్‌ఓ సంతకంతోనే అయిపోతాయి, బడ్జెట్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

మొదటి పదిహేను రోజులు: ఆర్డర్లు వేయకండి, లెక్క తీయండి

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, ప్రతి ఒక్కరి పేరు ఎదురుగా డ్యూటీ ఎక్కిన టైమ్, దిగిన టైమ్, మధ్యలో పిలిచిన సార్లు రాయించండి. జనరల్ డైరీ (జీడీ)లో ఉన్న టైమ్ కాదు, మనిషి నిజంగా ఇంటికి బయల్దేరిన టైమ్. ఈ రెండింటికీ తేడా ఎంత ఉంటుందో చూస్తే మీకే తెలుస్తుంది. స్టేషన్ రికార్డులు రాసే రైటర్‌కి ఈ పని చెప్పేటప్పుడు ఇది ఎవరినీ పట్టుకోవడానికి కాదని ముందే అందరి ఎదుటా చెప్పండి, లేకపోతే అందరూ "8 గంటలు" అని రాసి ఊరుకుంటారు.

ఇది మీ ఒక్క స్టేషన్ సమస్య కాదు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, కేంద్రంలోని పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ (బీపీఆర్ అండ్ డీ) కోసం దేశవ్యాప్తంగా చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటల కంటే ఎక్కువ పనిచేస్తున్నారని, 73 శాతానికి పైగా సిబ్బందికి నెలలో ఒక్క వీక్లీ ఆఫ్ కూడా దొరకడం లేదని అందులో తేలింది. పై అధికారితో మాట్లాడేటప్పుడు ఈ అంకెలు పనికొస్తాయి, కానీ అంతకంటే మీ నోట్‌బుక్‌లోని అంకెలే ఎక్కువ పనికొస్తాయి.

తర్వాత మనుషుల లెక్క. ఉదాహరణకు కాగితం మీద 42 మంది ఉన్నారనుకోండి. కోర్టు డ్యూటీ ఇద్దరు, అటాచ్‌మెంట్లు, అంటే వేరేచోట పనిచేస్తున్నవాళ్లు ఐదుగురు, ట్రైనింగ్‌లో ఒకరు, మెడికల్ లీవ్‌లో ఇద్దరు, ఏ రోజు చూసినా మామూలు సెలవులో ముగ్గురు. మీ చేతిలో మిగిలింది 29. చార్ట్ ఎప్పుడూ ఈ 29 మీదే వేయాలి. 42 అనుకుని వేస్తే ఆ తేడా అంతా ఎవరో ఒకరి నిద్రలోంచే వస్తుంది.

చార్ట్ వేయడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. సెంట్రీ లాంటి ఒక పోస్టు 24 గంటలూ నడవాలంటే "మూడు షిఫ్టులు కదా, ముగ్గురు చాలు" అనుకుంటాం. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారంలో ఆరు రోజులు, రోజుకు 8 గంటలు చేస్తే 48. 168ని 48తో భాగిస్తే మూడున్నర వస్తుంది. ఆ అరమనిషిని లెక్కలో వేయకపోవడం వల్లే వీక్లీ ఆఫ్ ఎగిరిపోతుంది.

ఇప్పుడు మన 29 మందిని చూద్దాం. సెంట్రీ, రిసెప్షన్, స్టేషన్ డ్యూటీ అనే మూడు పోస్టులను 8 గంటల పద్ధతిలో పెడితే పదిన్నర, అంటే 11 మంది కావాలి. ఒక బ్లూ కోల్ట్స్ బండికి (గస్తీ మోటార్ సైకిల్‌కి) ఇద్దరు, పెట్రోలింగ్ కారుకు డ్రైవర్‌తో కలిపి ఇద్దరు, మొత్తం నాలుగు పోస్టులు. వీటిని 12 గంటలు డ్యూటీ, 24 గంటలు రెస్టు పద్ధతిలో నడిపితే పోస్టుకు ముగ్గురు చొప్పున 12 మంది. మొత్తం 23. క్రైమ్ పనికి, సమన్లకు, వారంట్లకు ఆరుగురు మిగిలారు. ఇబ్బందిగానే ఉంటుంది, కానీ నడుస్తుంది. అందరికీ ఒకేసారి 8 గంటలు ఇస్తానని మాటిచ్చి రెండో వారంలో తప్పడం కంటే, సగం మందికి నిలబడే చార్ట్ ఇవ్వడమే నయం. ఒకసారి మాట తప్పితే మళ్లీ ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

ముంబైలో ఇది ఎలా మొదలైందో తెలుసుకోండి. 8 గంటల డ్యూటీ ప్రతిపాదన కమిషనర్ ఆఫీసులో పుట్టలేదు. దేవ్‌నార్ స్టేషన్‌లో పనిచేసే ఒక కానిస్టేబుల్ ఉన్న సిబ్బందితోనే మూడు షిఫ్టులు ఎలా నడపొచ్చో లెక్క వేసి పైకి పంపాడు. అప్పటి కమిషనర్ దత్తా పడ్సాల్గికర్ అతని మాట విన్నారు, నగరమంతా ఆర్డర్ వేయకుండా 2016 మేలో అదే దేవ్‌నార్‌లో ప్రయోగంగా మొదలుపెట్టించారు. నడుస్తుందని చూసుకుంటూ మిగతా స్టేషన్లకు పెంచి, 2018 జనవరి నాటికి ముంబై స్టేషన్లన్నింటికీ తీసుకెళ్లారు. నాయకత్వం అంటే నాకు కళ్ల ముందు మెదిలేది ఆ కమిషనర్ చేసిన పనే. కానిస్టేబుల్ తెచ్చిన కాగితాన్ని కూర్చుని చదవడం, ఒకచోట చేసి చూడడం, తర్వాత పెంచడం. మీ స్టేషన్‌లో కూడా చార్ట్ గురించి అందరికంటే బాగా తెలిసిన మనిషి ఒకరుంటారు, చాలాసార్లు రైటరో, సీనియర్ కానిస్టేబులో. ముందు ఆయన్ను కూర్చోబెట్టుకోండి.

చార్ట్‌కి నేను పెట్టుకున్న నియమాలు ఇవి:

- వచ్చే వారం చార్ట్ శుక్రవారం సాయంత్రానికల్లా గోడ మీద ఉండాలి. ఎవరి వీక్లీ ఆఫ్ ఏ రోజో పేరుతో సహా ఉండాలి, రైటర్ నోట్లో కాదు.
- షిఫ్టు మారేటప్పుడు ఉదయం నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి మార్చండి. వెనక్కి తిప్పితే ఒంటికి ఎక్కువ కష్టం.
- నైట్ దిగినవాళ్లకు పరేడ్ లేదు, క్లాసు లేదు, "ఒక్క గంట ఉండి వెళ్లు" అనేది అసలే లేదు.
- బందోబస్తు వల్ల ఆఫ్ పోతే పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఎవరికెన్ని బాకీ ఉన్నాయో అదే చార్ట్ కింద రాయండి. బాకీ అందరి కళ్ల ముందూ ఉంటే తీర్చక తప్పదు.
- రాత్రి పదికి దిగే మహిళా సిబ్బందిని పెట్రోలింగ్ బండి ఇంటి దగ్గర దింపాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించారు, మంచి నిర్ణయం. కానీ ఎక్కడైనా సరే, పైనుంచి ఎంత మంచి ఆర్డర్ వచ్చినా అది మనిషికి అందేది ఎస్‌హెచ్‌ఓ వేసే చార్ట్ ద్వారానే.

బందోబస్తు: నీళ్లు, నీడ, టాయిలెట్

ఒక జాతర బందోబస్తులో మధ్యాహ్నం రెండింటికి పాయింట్లు చెక్ చేస్తూ వెళ్లాను. బారికేడ్ దగ్గర ఒక మహిళా కానిస్టేబుల్ నిలబడి ఉంది, పక్కనే నీళ్ల బాటిల్, మూత సీల్ కూడా తీయలేదు. పొద్దున ఆరింటికి ఇచ్చిన బాటిల్ అది. "తాగలేదేమ్మా?" అంటే తల దించుకుని "తాగితే మళ్లీ ఎక్కడికి వెళ్లాలి సార్" అంది. ఆ పాయింట్‌కి అటూ ఇటూ కిలోమీటరు దూరంలో టాయిలెట్ లేదు. స్కెచ్ వేసింది నేను, పాయింట్లు పెట్టింది నేను, ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

ఆ రోజు నుంచి స్కెచ్‌లో పాయింట్ నంబర్‌తో పాటు దగ్గర్లోని టాయిలెట్ కూడా గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. స్కూలు, పంచాయతీ ఆఫీసు, ఫంక్షన్ హాలు, ఏదైనా సరే. తాళం ఎవరి దగ్గర ఉందో, వాళ్ల ఫోన్ నంబర్ ఏదో కూడా రాయాలి. ప్రతి నాలుగైదు పాయింట్లకు ఒక రిలీవర్‌ని పెట్టండి. ఆ రిలీవర్‌కి ఇక వేరే పని ఉండకూడదు, రెండు గంటలకోసారి ఒక్కొక్కర్ని పదిహేను నిమిషాలు విడిపించడమే డ్యూటీ. ఒక మనిషి తగ్గుతాడు కదా అని డీఎస్పీ గారు అడగవచ్చు. కళ్లు తిరిగి పడిపోతే తగ్గేది ఒక్కరు కాదు, ఎత్తుకెళ్లడానికి ఇద్దరు, బండికి ఒకరు అని చెప్పండి.

స్టేషన్‌లో కూడా ఇదే మొదటి ఖర్చు కావాలి. మహిళా సిబ్బందికి గొళ్లెం పడే టాయిలెట్, బట్టలు మార్చుకునే గది, రెస్ట్ రూమ్‌లో తిరిగే ఫ్యాను. ప్రొజెక్టర్ తర్వాత కొనొచ్చు.

ఇప్పుడు శిక్షణ: రోజుకు ఇరవై నిమిషాలు, ఒకే ఒక్క విషయం

చార్ట్ నెల రోజులు నిలబడ్డాక క్లాసులు మొదలుపెట్టండి. గంటన్నర ఉపన్యాసం వద్దు. రోల్ కాల్ తర్వాత ఇరవై నిమిషాలు, ఒక విషయం, చేతులతో చేసి చూపించేది. షిఫ్టులు వేరు కాబట్టి అదే విషయాన్ని వారంలో మూడుసార్లు చెప్పాలి, అప్పుడే ఎవరి రెస్టూ చెడకుండా అందరికీ అందుతుంది.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత లాంటి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. హత్యకు 302 పోయి 103 వచ్చింది, మోసానికి 420 పోయి 318 వచ్చింది అని నంబర్లు బట్టీ పట్టించడం శిక్షణ కాదు, అది గోడ మీద పట్టిక అంటిస్తే సరిపోతుంది. పని చేసే తీరు ఎక్కడ మారిందో అక్కడ టైమ్ పెట్టండి. నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చూడండి. సోదా చేసి వస్తువు స్వాధీనం చేసుకుంటే, జాబితా రాయడం, సాక్షుల సంతకాలు తీసుకోవడంతో సహా మొత్తం ఆడియో, వీడియోలో రికార్డు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. చదివితే రెండు వాక్యాలు. చేయిస్తే తెలుస్తుంది.

నేను చేయించిన పద్ధతి చెబుతాను. స్టేషన్ వెనక మోటార్ సైకిళ్లు పెట్టే చోట ఒక పాత బ్యాగులో రెండు సెల్‌ఫోన్లు, కొంత డబ్బు పెట్టాం. ఒకరు ముద్దాయి, ఇద్దరు పంచులు (సోదా సాక్షులు), ఒకరు దర్యాప్తు అధికారి, ఒకరి చేతిలో ఫోన్. సోదా చేయండి అని చెప్పి పక్కకు నిలబడ్డాను. మొదటి వీడియో చూస్తే బ్యాగు తెరిచాక రికార్డింగ్ మొదలైంది. పంచుల మొహాలు ఎక్కడా లేవు, నడుము వరకే ఉన్నారు. నోట్లు లెక్కపెట్టే చోట ఎవరిదో వీపు అడ్డం వచ్చింది. మధ్యలో ఫోన్ మోగి రికార్డింగ్ ఆగింది, మళ్లీ ఎక్కడ మొదలైందో తెలియదు. అదే వీడియో కోర్టులో వేస్తే డిఫెన్స్ లాయర్‌కి అంతకంటే ఏం కావాలి? ఎవరినీ ఒక్క మాట అనలేదు, ముగ్గురిని చూడమన్నాను, వాళ్లే తప్పులు చెప్పారు, మళ్లీ చేశాం. మూడోసారికి ఫోన్ పట్టుకున్న అమ్మాయి తనంతట తానే కాల్స్ రాకుండా సెట్ చేసి, ముందు తేదీ, టైమ్, చోటు చెప్పి, పంచుల మొహాలు చూపించి, బ్యాగు మూసి ఉండగానే మొదలుపెట్టింది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, రెండు రోజులుగా విడగొట్టి చేశాం. ఆ తర్వాత నేను ఆ సెక్షన్ మీద మళ్లీ క్లాసు పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇలాగే చేయించదగ్గవి చాలా ఉన్నాయి. రాత్రి పదకొండింటికి ఏడుస్తూ వచ్చిన మహిళతో రిసెప్షన్‌లో మొదటి రెండు నిమిషాలు ఏం మాట్లాడాలి? నేరం జరిగింది వేరే స్టేషన్ పరిధిలో అయితే అదే సంహిత 173 కింద జీరో ఎఫ్‌ఐఆర్ ఎలా కట్టాలి, "అక్కడికెళ్లమ్మా" అనే మాట నోటికి రాకుండా ఎలా అలవాటు చేసుకోవాలి? ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే క్లూస్ టీమ్ వచ్చేదాకా సీన్‌ని తాడు కట్టి ఎలా కాపాడాలి? రోడ్డు ప్రమాదం దగ్గరికి చాలాసార్లు అంబులెన్స్ కంటే ముందు మన బ్లూ కోల్ట్సే చేరతారు కాబట్టి సీపీఆర్ తప్పనిసరి. దగ్గర్లోని ఆసుపత్రి డాక్టర్ గారిని బొమ్మతో పాటు రమ్మనండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. ఎంత గట్టిగా నొక్కాలో చేత్తో చేస్తే తప్ప తెలియదు.

జతలు కట్టడం మర్చిపోకండి. ఇప్పుడు వస్తున్న కానిస్టేబుళ్లలో డిగ్రీ, బీటెక్ చదివినవాళ్లు చాలామంది. వాళ్లకు కాల్ డేటా ఎక్సెల్‌లో పెట్టి చూడడం, యూపీఐ లావాదేవీ వెంట పడడం చేతి పని. ఇరవై ఐదేళ్ల సర్వీసున్న హెడ్ గారికి ఏ ఊళ్లో ఎవరితో ఎలా మాట్లాడితే నిజం బయటికొస్తుందో తెలుసు. ఇద్దరినీ ఒకే కేసు మీద పెట్టండి, ఒకరి పని ఇంకొకరు నేర్చుకోవాలని ఇద్దరికీ చెప్పండి. పెద్దాయనకు కంప్యూటర్ నేర్పేటప్పుడు నలుగురిలో నేర్పకండి, ఆ కుర్రాడితో పక్కన కూర్చోబెట్టండి చాలు.

ఒక్కటి మాత్రం ఖచ్చితంగా మానేయాలి. తప్పు చేసినందుకు గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించడం, అందరి ముందు తిట్టడం శిక్షణ కాదు. అలా నేర్చుకున్నవాడు రేపు పిటిషన్ పట్టుకొచ్చిన మనిషితో అదే గొంతుతో మాట్లాడతాడు.

మనసు సంగతి

దీన్ని చాలామంది ఏడాదికి ఒక్క క్యాంపుతో సరిపెడతారు. క్యాంపు పెట్టండి, బీపీ, షుగర్ చూపించండి, పోలీసుల వైద్య పథకమైన ఆరోగ్య భద్రత కార్డుతో ఏ ఆసుపత్రిలో ఏం అవుతుందో కుటుంబాలకు కూడా చెప్పండి. రాత్రి రెండింటికి గుండె నొప్పి వచ్చినప్పుడు కాగితాలు వెతుక్కునేది ఇంట్లోవాళ్లే. కానీ అసలు పని నెల నెలా జరగాలి. ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలు, తలుపు దగ్గరగా వేసి, కేసుల గురించి కాకుండా మాట్లాడండి. నిద్ర పడుతుందా, పిల్లలు ఏం చదువుతున్నారు, అప్పులేమైనా ఇబ్బంది పెడుతున్నాయా. మొదటి నెల ఎవరూ ఏమీ చెప్పరు. మూడో నెలలో చెబుతారు. చెప్పింది జీడీలో ఎక్కకూడదు, ఇంకో ఆఫీసర్ చెవిన పడకూడదు. ఒక్కసారి బయటికి పొక్కితే ఆ తలుపు ఇక తెరుచుకోదు.

చిన్నపిల్లల శవాన్ని బావిలోంచి తీసినరోజు, రైలు పట్టాల మీద పంచనామా చేసినరోజు ఆ టీమ్‌ని నేరుగా ఇంటికి పంపకండి. టీ తాగుతూ ఒక ఇరవై నిమిషాలు మీరు పక్కన కూర్చోండి. మాట్లాడమని బలవంతం చేయకండి. మాట్లాడాలనుకున్నవాళ్లు మాట్లాడతారు, లేనివాళ్లు ఊరికే కూర్చుంటారు, రెండూ మంచివే. మర్నాడు, మళ్లీ వారం తర్వాత ఒకసారి పలకరించండి.

ఎప్పుడూ లేనిది సిక్ రిపోర్టులు పెరగడం, అకారణంగా కోపం, తాగుడు ఎక్కువవడం, "నేను లేకపోతే ఇంట్లోవాళ్లకు నయం" లాంటి మాటలు కనిపిస్తే ఆలస్యం చేయకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే ఊరట. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఆయుధం ఉండే డ్యూటీ నుంచి ఏ హడావిడీ లేకుండా, మెమో లేకుండా మార్చండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడి డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. రెస్ట్ రూమ్ తలుపు వెనక అంటించండి, అందరూ చూసే నోటీసు బోర్డు మీద అయితే నంబర్ రాసుకోవడానికి మొహమాటపడతారు.

మీ సంగతి, మీ తర్వాత సంగతి

మీ వీక్లీ ఆఫ్ కూడా చార్ట్‌లో రాసుకుని, ఆ రోజు నిజంగా ఇంట్లో ఉండండి. మీరు లేని రోజు స్టేషన్ నడపడం మీ కింద ఎస్సైకి శిక్షణే. రాత్రి పది తర్వాత వాట్సాప్ గ్రూపులో అర్జెంటు కానిది పెట్టకండి, మీరు పెట్టిన ఒక్క మెసేజ్‌కి నలభై మంది లేచి "ఎస్ సార్" కొడతారు. మంచి పని రోల్ కాల్‌లో చెప్పండి, గుడ్ సర్వీస్ ఎంట్రీకి ఆ వారమే రాయండి. తప్పు మీ గదిలో చెప్పండి.

మూడు నెలలయ్యాక డీఎస్పీ గారికి, ఎస్పీ గారికి ఒకే ఒక్క పేజీ పంపండి. మొదలుపెట్టకముందు, ఇప్పుడు, పక్కపక్కన: సగటు డ్యూటీ గంటలు, తీసుకున్న వీక్లీ ఆఫ్‌లు, సిక్ రిపోర్టులు, కోర్టు తిప్పి పంపిన చార్జిషీట్లు, పెండింగ్ వారంట్లు. పెరిగింది పెరిగినట్టు, తగ్గింది తగ్గినట్టు రాయండి. అటాచ్‌మెంట్లలో ఉన్న ఐదుగురిలో ఇద్దరిని వెనక్కి అడగడానికి ఆ పేజీ కంటే మంచి దారి లేదు. నాకు ఇద్దరిని అడిగితే ఒకరు వచ్చారు, ఆ ఒక్కరితో క్రైమ్ టీమ్‌కి కూడా ఆఫ్ ఇవ్వగలిగాను.

బదిలీ ఎప్పుడైనా రావచ్చు, కాబట్టి చార్ట్ మీ తలలో ఉండకూడదు. లాంగ్ నోట్‌బుక్, నియమాల కాగితం, బాకీ ఆఫ్‌ల లెక్క, ఎవరెవరు ఏం నేర్చుకున్నారో ఒక్కొక్కరికి ఒక కార్డు, బందోబస్తు స్కెచ్‌లు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి రైటర్ దగ్గర ఒక కాపీ ఉంచండి. చార్జ్ ఇచ్చేరోజు కొత్త ఆఫీసర్‌తో మాల్‌ఖానా (స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గది) లెక్క, ఆయుధాల లెక్క ఎలా చూస్తారో, అలాగే ఈ ఫైల్ కూడా ఎదురుగా కూర్చుని పేజీ పేజీ తిప్పి చూపించండి. బాకీ ఉన్న ఆఫ్‌ల పేజీ మీద ఆయన సంతకం తీసుకోండి.